పదకొండు గుండుసూదులు

వదినకి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ అన్నయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇన్నేళ్లూ ఈ రెండు ముక్కలూ చెయ్యి తనంతట తానే రాసుకుపోయేది. ఈసారి మొదటి ముక్క దగ్గరే ఆగిపోయి, లేచి వెళ్లి టీ పెట్టుకుని వచ్చాను. ఒంటి వరకు కులాసా అన్నది నిజమే. అంతవరకే తీసుకో.

నీ ఉత్తరం వచ్చి పంతొమ్మిది రోజులైంది. మధ్యలో నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు, నేనొకసారి చేశాను. మూడుసార్లూ మీ ఊరి ఎండ గురించి, మా ఊరి వాన గురించి మాట్లాడుకుని పెట్టేశాం. "ఏంటమ్మాయ్, గొంతు అలా ఉంది?" అని నువ్వడిగితే జలుబు అన్నాను. జలుబూ లేదు, గిలుబూ లేదు. నీకు చెప్పాల్సింది ఫోన్లో చెప్పే ధైర్యం లేదు, అంతే. అందుకని ఇవాళ సెలవు పెట్టి, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని, భోజనాల బల్ల తుడుచుకుని కూర్చున్నాను. శుభ్రంగానే ఉన్న బల్లని రెండుసార్లు తుడిచాను. అన్నయ్య ఉత్తరాలన్నీ పైకి చదివి వినిపిస్తాడు కదా, దీన్ని మాత్రం ముందు నువ్వొక్కదానివే చదువుకో. తర్వాత ఆయనకి ఇస్తావో లేదో నీ ఇష్టం.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. తేలికవి ముందు. నా సంగతి నీకు తెలియనిదా, పళ్లెంలో చేదుది చివరికి నెట్టే రకాన్ని.

నా మోకాలు ఫరవాలేదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం నేనున్నానని గుర్తుచేస్తుంది. ఎవర్నైనా లేపేముందు మంచం ఎత్తు సరిచేసుకుంటున్నానా అని అడిగావు. చేసుకుంటున్నాను. కొత్తగా చేరిన అమ్మాయిలకి కూడా నీ మాటే చెబుతున్నాను, "ఎత్తాల్సింది మంచాన్ని, వంచాల్సింది నడుముని కాదు" అని. నీ మాట అని చెప్పి చెబుతున్నానా అంటే, అన్నిసార్లూ కాదు. ఇది కూడా గుర్తుపెట్టుకో, కింద పనికొస్తుంది.

మీ మేనకోడలు పరీక్షలు బాగానే రాసింది. నాతో మాత్రం ఏడాదిగా ముక్తసరిగా మాట్లాడుతోంది. వయసు అలాంటిది అని మా ఆయన అంటున్నారు. వయసు కాదు. ఆ కారణం కూడా కిందే ఉంది.

మా వృద్ధుల హోమ్‌లో కండక్టరు తాతయ్య ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. భోజనాల హాలు గుమ్మంలో కుర్చీ వేసుకుని, లోపలికొచ్చే ప్రతివాళ్లకీ పేపరు ముక్క చింపి ఇస్తున్నారు. మొన్న కొత్త డాక్టరు వస్తే, మనిషి కాస్త పొట్టి కదా, హాఫ్ టికెట్ కొట్టారు. డాక్టరు ఆ ముక్కని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు, మంచి పిల్లాడే. పోస్టుమాస్టరు గారు పోయిన నెల నిద్రలోనే వెళ్లిపోయారు. వినికిడి మిషను పెట్టుకోవడానికి నువ్వు కుట్టిచ్చిన చిన్న గుడ్డ సంచీ చివరిదాకా ఆయన మెడలోనే ఉంది. వాళ్లబ్బాయి దాన్ని అడిగి తీసుకెళ్లాడు.

ఏడో నంబరు గదిలో ఇప్పుడెవరున్నారని అడిగావు. లెక్కల టీచరుగా చేసి రిటైరైన ఆవిడ ఉన్నారు. టైలరమ్మ పోయాక ఆ గదికి ఆవిడ మూడో మనిషి. ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా నాకు కిటికీ పక్కన టైలరమ్మే కనిపిస్తుంది. ఈమధ్య మరీ ఎక్కువగా కనిపిస్తోంది.

తేలికవి అయిపోయాయి వదినా.

యాభై నాలుగేళ్ల వయసులో డిగ్రీకి అప్లై చేస్తున్నానని, నవ్వకు అని రాశావు. నవ్వలేదు. మీ హోమ్ వాళ్లు కొత్తవాళ్లకి పని నేర్పే ఉద్యోగం నీకే ఇస్తామన్నారనీ, కాకపోతే యూనివర్సిటీలో చేరినట్టు కాగితం చూపించమన్నారనీ రాశావు. "ఇరవై రెండేళ్లుగా ఒట్టి నోటితోనే నేర్పుతున్నాను. ఇప్పుడు నా నోటికి కాగితం కావాలట" అన్న నీ మాట చదివి మాత్రం నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మనలాంటి వాళ్లు పనిలో నేర్చుకున్నదాన్ని కూడా చదువు కింద లెక్కేసి, ఏడాది క్లాసులు మినహాయిస్తారన్న సంగతి నీకు చెప్పిందే నేను. పోయినేడాది నా ఫైలు పాసైందని ఫోన్ చేసినప్పుడు నువ్వు ఏడ్చేశావు. ముక్కు చీదుకుంటూ, "మనింట్లో ఒకళ్లం గట్టెక్కాం" అన్నావు. ఆ మాట వింటూ నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

ఇక నీ ఉత్తరంలో చివరి మూడు ప్రశ్నలు. ఒకటి, నీ ఫైలు కాపీ పంపు, ఎలా రాయాలో చూసుకుంటాను అన్నావు. రెండు, టైలరమ్మ గుండుసూదుల సంగతి రాద్దామనుకుంటున్నాను, ఆ రోజు నువ్వూ ఉన్నావు కాబట్టి సాక్షిగా నువ్వే సంతకం పెట్టు అన్నావు. మూడు, నేనక్కడ పదిహేనేళ్లు చేసినట్టు, నడవడి మంచిదని సర్టిఫికెట్ ఇవ్వమని మీ మేట్రన్ గారికి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు, ఒకసారి కనుక్కో అన్నావు.

ఈ మూడింటికీ జవాబు ఒకటే. ఆ జవాబు చెప్పలేకే పంతొమ్మిది రోజులు దాక్కున్నాను.

ఆ ఫారంలో నాలుగు పేజీలు ఖాళీగా ఉంటాయి. పనిలో మీరు నేర్చుకున్న ఒక ముఖ్యమైన విషయం, అది నేర్పిన సంఘటన, అందులో మీ పాత్ర రాయండి అంటారు. ఆ నాలుగు పేజీలు ముందేసుకుని మూడు వారాలు కూర్చున్నాను. పుండ్లు పడకుండా పక్క మార్చడం, గొంతుకి అడ్డం పడకుండా ముద్ద తినిపించడం, మాట రానివాళ్ల నొప్పి మొహంలో చూసి పట్టుకోవడం, ఈ పంతొమ్మిదేళ్లలో వేలసార్లు చేసి ఉంటాను. రాయబోతే ప్రతిదీ మామూలుగా కనిపించింది. ఇందులో గొప్పేముంది, ఎవరైనా చేసేదే అనిపించింది. ఘనంగా కనిపించే సంఘటన ఒక్కటే గుర్తొచ్చింది. అది నాది కాదు.

ఆ పొద్దున నీకు గుర్తుండే ఉంటుంది. ఎనిమిదేళ్లైనా నాకు నిన్నటిలా ఉంది. టిఫిన్ గంట కొట్టేలోపు ఆరుగురికి స్నానాలు చేయించాలి. ఇద్దరమే ఉన్నాం. టైలరమ్మ స్నానమంటే యుద్ధమని మనందరికీ భయం. బట్టలు విప్పబోతే రక్కేది, కొరికేది, కేకలు పెట్టేది. ఆవిడకి నీళ్లంటే భయమని ఫైల్లో రాసి ఉంది, మనం నమ్మాం. ఆ రోజు నేను విసుగులో ఉన్నాను. ఆవిడ నా చెంప మీద గోళ్లతో గీసింది. నేను ఆవిడ రెండు మణికట్లూ కలిపి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నీళ్లు పోయడం మొదలుపెట్టాను. ఆవిడ అరుస్తోంది. నేను వదల్లేదు. వినపడలేదని కాదు వదినా, వినపడింది. అరుపు ఆగేలోపు పని అయిపోతుందిలే అనుకున్నాను.

నువ్వు తలుపు తోసుకుని వచ్చి ముందు కుళాయి కట్టేశావు. తర్వాత నా చెయ్యి తీశావు. ఆవిడకి తువ్వాలు కప్పి, ఎదురుగా స్టూలు వేసుకుని, చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నావు. ఆవిడ కుడిచేతి వేళ్లు ఎడమ భుజం కింద, తడిసిన గౌను మీద, ఏదో వెతుకుతున్నాయి, ఏదో పీకుతున్నాయి. నేను ఆ వేళ్లని ఏడాదిగా చూస్తున్నాను, గోకుడు అనుకున్నాను. నువ్వు సబ్బుపెట్టె మూత తీసి, తుడిచి, ఆవిడ ముందు పట్టుకుని, "గుండుసూదులు తీసి ఇందులో పెట్టుకోండమ్మా, నీళ్లలో పడిపోతే మళ్లీ దొరకవు" అన్నావు.

ఆవిడ నీ మొహంలోకి చూసింది. తర్వాత లేని సూదుల్ని ఒక్కొక్కటే తీసి మూతలో పెట్టింది. పదకొండు. నేను లెక్కపెట్టాను. జన్మంతా కుట్టుమిషను ముందు కూర్చుని, సూదులు చొక్కాకి గుచ్చుకుని బతికిన మనిషి, అవి ఎవరికి గుచ్చుకుంటాయో, ఎక్కడ పడిపోతాయో అని అన్నాళ్లూ మనతో పోట్లాడిందన్నమాట. మూత పక్కన పెట్టాక, బట్టలు విప్పడానికి రెండు చేతులూ తనే పైకెత్తింది. ఆ చేతుల మీద నా వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

బయటికొచ్చాక నువ్వు నాతో అన్నది రెండే మాటలు. "చేతులు పట్టుకునేముందు అవేం వెతుక్కుంటున్నాయో చూడు" అన్నావు. "దెబ్బల రిజిస్టరులో నువ్వే వెళ్లి రాయి, నీ చేత్తో" అన్నావు. నేను రాశాను. స్నానం చేయించేటప్పుడు మణికట్లు కమిలాయి అని రాశాను. ఎవరు కమిలించారో రాయలేదు. నువ్వు ఆ రిజిస్టరు తెరిచి చూడలేదు, నా మీద నమ్మకం. ఏడు నెలల తర్వాత అన్నయ్యకి బదిలీ అయింది, మీరు వెళ్లిపోయారు.

ఆ నాలుగు పేజీల్లో నేనేం రాశానో ఈపాటికి నీకు తెలిసిపోయి ఉంటుంది. అయినా నా చేత్తోనే రాయాలి. తలుపు తోసుకుని వచ్చింది నేనని రాశాను. కుళాయి కట్టింది, స్టూలు వేసుకుని చూస్తూ కూర్చుంది, సబ్బుపెట్టె మూత పట్టుకుంది నేనని రాశాను. మరి ఆ చేతులు ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. "ఒక సహోద్యోగి" అని రాశాను.

టైపు చేసింది మీ మేనకోడలు. ఆ పేజీ దగ్గరకొచ్చేసరికి కీబోర్డు మీద దాని వేళ్లు ఆగిపోయాయి. "అమ్మా, ఇది అత్త కదా చేసింది? చిన్నప్పుడు నువ్వే చెప్పావు" అంది. "ఇద్దరం చేశాంలే, నువ్వు టైపు చెయ్యి" అన్నాను. అది నా వైపు ఒకసారి చూసి, మిగతాదంతా టైపు చేసింది. ముక్తసరి మాటలు అప్పట్నుంచే.

తర్వాత యూనివర్సిటీ వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. ఫైలు చూసే మేడమ్, ఆవిడ పక్కన ఒక సీనియర్ నర్సు. ఎంత మర్యాదగా మాట్లాడారో! ఆ సహోద్యోగికి మీరేం చెప్పారు అని అడిగారు. "చేతులు పట్టుకునేముందు అవేం వెతుక్కుంటున్నాయో చూడమన్నాను" అని చెప్పాను. నీ మాట, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. మేడమ్ పెన్ను తీసి కాగితం మీద రాసుకున్నారు. ఆవిడ ఇప్పుడెక్కడున్నారు అని అడిగారు. "ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది" అన్నాను.

నిజంగా వదినా, ఆ క్షణందాకా ఆ సహోద్యోగి ఎవరో ఊరూ పేరూ లేని మనిషి అనే నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. మానేసి వెళ్లింది నువ్వే కదా, ఆ ముక్క నోట్లోంచి వచ్చాక తెలిసింది, నిన్ను ఎవరి చోట నిలబెట్టానో. నోరు తెరిచి దిద్దుకోవచ్చు. దిద్దుకోలేదు. థాంక్స్ చెప్పి, కుర్చీ సర్ది మరీ బయటికొచ్చాను.

నువ్వడిగావు కదా అని, సర్టిఫికెట్ సంగతి మేట్రన్ గారిని కదిపాను. ఆవిడ నువ్వు వెళ్లాక రెండేళ్లకి వచ్చిన మనిషి, నిన్ను చూసి ఎరగరు. తలుపు దగ్గరగా వేసి, "మీ బంధువు కదా, మీకు చెప్పడం కష్టంగానే ఉంది" అన్నారు. "మీ ఫైలు చదివాక ఆ తేదీ రిజిస్టరు తీయించాను. డ్యూటీలో ఉన్నది ఇద్దరే. ఒకరు మీరు. పెద్దవాళ్ల చేతులు కమిలేలా పట్టుకున్న మనిషికి నడవడి మంచిదని నేనెలా సంతకం పెట్టను? పేరు రాయకుండా ఆవిణ్ని కాపాడారు చూడండి, అది మీ మంచితనం" అన్నారు.

నా మంచితనం! భూమి చీలిపోతే బాగుండు అనుకున్నాను. అదేమీ చీలలేదు. "సరేనండి" అని బయటికొచ్చాను. సరేనట. ఆ మాట అన్న నోటితోనే ఆ రోజు సాయంత్రం నీకు ఫోన్ చేసి, మా ఊళ్లో వాన పడుతోందని చెప్పాను. "మేట్రన్ గారికి తీరికుండదులే పాపం, మరీ విసిగించకు" అని నువ్వే నాకు సర్దిచెప్పావు.

అలా పది రోజులు గడిచాయి. ఇంకో పది రోజులు కూడా గడిపేసేదాన్నేమో, నిజం చెప్పొద్దూ. నీ దరఖాస్తుకి గడువు దాటిపోతే ఈ గొడవ దానంతటదే సద్దుమణుగుతుందని ఒక పూట అనుకున్నాను కూడా. ఇది రాయకుండా వదిలేయొచ్చు, నీకు ఎప్పటికీ తెలియదు. కానీ ఈ ఉత్తరంలో మళ్లీ ఏదైనా దాస్తే ఇంక నాకు దారి లేదు.

పోయిన సోమవారం కొత్తవాళ్లకి శిక్షణ క్లాసు. ఎనిమిది మంది అమ్మాయిలు. నా నాలుగు పేజీలూ జిరాక్సు తీయించి క్లాసులో పంచుతున్నారు ఏడాదిగా. మేట్రన్ గారు చదువుతుంటే నేను పక్కన కూర్చుని ఉండాలి, చివర్లో వాళ్లు ప్రశ్నలడగాలి, అదీ పద్ధతి. సబ్బుపెట్టె మూత దగ్గరకొచ్చేసరికి ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. వెనక బెంచీలోంచి ఇంకో అమ్మాయి, "మరి ఆ చేతులు పట్టుకున్నావిడ ఏమైందండీ?" అని అడిగింది. మేట్రన్ గారు నా వైపు చూసి, "ఆవిడ వెళ్లిపోయారు" అన్నారు.

"పీడా వదిలింది" అంది ఆ అమ్మాయి.

నిన్ను, వదినా. నిన్ను అంది.

నాకు పని నేర్పింది నువ్వు. మొదటి రోజు దుప్పటి మడత ఎలా పెట్టాలో తెలియక ఏడుస్తుంటే, ఆ దుప్పట్లోనే నన్ను చుట్టేసి నవ్వించింది నువ్వు. నా కాన్పప్పుడు నా డ్యూటీలు కూడా నువ్వే చేసి, ఆ కాళ్లవాపుతోనే ఆసుపత్రికి వచ్చి నా పక్కన కూర్చుంది నువ్వు. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల నిన్ను పీడా అంటుంటే, అనిపించినదాన్ని నేను కుర్చీలో కూర్చుని వింటున్నాను.

లేచి నిలబడ్డాను. "ఆ చేతులు పట్టుకున్నది నేను. సబ్బుపెట్టె మూత పట్టుకున్నది మా వదిన" అన్నాను. ఇంకేం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు. రిజిస్టరు సంగతి చెప్పాననుకుంటాను. మేట్రన్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "క్లాసు అయిపోయింది, మీరంతా వెళ్లండి" అన్నారు. వెనక బెంచీ అమ్మాయి వెళ్తూ వెళ్తూ నా మొహంలోకి కాకుండా నా చేతులకేసి చూసింది.

మేట్రన్ గారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సొరుగులోంచి నీ రెండు ఉత్తరాలూ తీసి నా ముందు పెట్టారు. "ఈవిడ గురించి ఇన్నాళ్లూ నేనేమనుకున్నానో మీకు తెలుసు. తెలిసీ పది రోజులు నా ఎదురుగానే తిరిగారు" అన్నారు. ఆ రిజిస్టరు తెప్పించి, ఎనిమిదేళ్ల కిందటి ఆ పేజీలో నా చేత్తోనే మిగతాది రాయించి, కింద ఆ సోమవారం తేదీ వేయించారు. నన్ను స్నానాల డ్యూటీలోంచి తీసేశారు. ఆ ఎనిమిది మందితో పాటు నేనూ శిక్షణ మొదట్నుంచీ చెయ్యాలి. ముందు బెంచీలో కూర్చుంటున్నాను. బడిలో చదివేటప్పుడు కూడా ముందు బెంచీ దక్కలేదు నాకు.

మర్నాడు యూనివర్సిటీకి వెళ్లాను. ఫైలు చూసే మేడమ్ అంతా విన్నారు. ఎందుకిలా చేశారు అని అడిగారు. "చెప్పుకోదగ్గ సంగతి కోసం వెతికితే, అన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే తేలాయండి. ఏం నేర్చుకున్నారో రాయడానికి మీ ఫారంలో గడి ఉంది, ఎప్పుడో రాయడానికి ఉంది, రుజువుకి ఉంది. ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయడానికి లేదు" అన్నాను. ఆవిడ, "గడి లేకపోతే మార్జిన్‌లో రాయొచ్చుగా" అన్నారు. రాయొచ్చు. నాకు మినహాయించిన ఏడాది నిలిపేశారు. కమిటీ కూర్చుని, నన్ను ఉంచాలో తీసేయాలో చెబుతుందట. తీసేస్తే న్యాయమే. నీ సంగతి అడిగాను. ఇవన్నీ ఒప్పుకుంటూ నేను రాసిచ్చిన కాగితం నీ దరఖాస్తుతో జతచేస్తామన్నారు. అదే సంఘటన నువ్వు రాస్తే నిన్ను ఎవరూ అనుమానించరు. ఆ ఒక్క మాట మూడుసార్లు అడిగి వచ్చాను.

ఇంట్లో కూడా చెప్పాను. మా ఆయన ఆ పూట అన్నం తినలేదు. మీ మేనకోడలు మాత్రం నా పక్కన వచ్చి కూర్చుంది. "అత్తకి చెప్పావా?" అంది. ఇంకా లేదన్నాను. "ముందు అది చెయ్యి" అని లేచి వెళ్లిపోయింది. ఏడాదిలో అది నాతో మాట్లాడిన పెద్ద మాట అదే.

దీనితో పాటు మూడు కాగితాలు పెడుతున్నాను. ఒకటి మేట్రన్ గారు సంతకం చేసిన నీ సర్టిఫికెట్, కింద ఆవిడే సొంత దస్తూరీతో జవాబు ఆలస్యమైనందుకు క్షమించమని రాశారు. రెండోది నా ఫైలు కాపీ. నువ్వడిగావు కాబట్టి పంపుతున్నాను. చదివేటప్పుడు కూర్చుని చదువు. మూడోది నా సాక్షి కాగితం. ఆ పొద్దున నేనేం చూశానో, నేనేం చేశానో, రెండూ రాసి సంతకం పెట్టాను. గడువుకి ఇంకా పదహారు రోజులుంది. నా మీద కోపంతో మానేయకు, నీకు దణ్ణం పెడతాను. నన్ను తిట్టాలంటే అప్లికేషను పోస్టు చేశాక తిట్టు. ఎంతసేపైనా వింటాను.

ఆడపడుచు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు అని నువ్వు అంటావని చాలాసార్లు ఊహించుకున్నాను. నువ్వు అలా నవ్వుతూ అనవేమోనని, అసలేమీ అనవేమోనని, అది ఊహించుకోవడానికే భయంగా ఉంది. సిగ్గుగా ఉంది వదినా. నీకు చెప్పేశాను కాబట్టి తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గలేదు.

ఒక్కటే అడుగుతాను. టైలరమ్మ సంగతి నువ్వు రాస్తావు కదా. నీ సంగతి నాకు తెలుసు, రాసేటప్పుడు నా పరువు కాపాడాలని చూస్తావు. ఆ చేతులు పట్టుకున్న మనిషి దగ్గరకొచ్చేసరికి "ఒక సహోద్యోగి" అని రాయబోతావు. అలా రాయకు. "మా ఆడపడుచు" అని రాయి.

ఇట్లు,
నీ దగ్గర పని నేర్చుకున్న
నీ ఆడపడుచు